పక్క మొక్కను చూసి పెరిగే గోధుమ

కర్నూలులో గోధుమ చేను చూసినవాళ్లు తక్కువ. మాకు గోధుమ అంటే చిల్లరంగడిలో దొరికే పిండి, హోటల్లో పుల్కా. ఇంట్లో జొన్నరొట్టె, సంగటి, నాన్నకు షుగర్ వచ్చాక మళ్లీ మొదలైన కొర్రన్నం. అలాంటి ఇంటి మిద్దె మీద నేను గోధుమలు విత్తితే మా అమ్మ నవ్వింది. "పంజాబోళ్లకు లేని పని నీకేంటికి రా?" అంది.

విత్తింది రెండు పెయింటు డబ్బాల్లో. ఇరవై లీటర్లవి. రెండింట్లోనూ ఊరి నుంచి తెచ్చిన నల్లరేగడి మట్టి, పశువుల ఎరువు, ఒకే సంచిలోంచి తీసిన గింజలు. దీపావళి దాటాక మొదటి డబ్బాలో మూడు గింజలు పెట్టి, మొలిచాక ఒకదాన్ని ఉంచి మిగతా రెండూ పీకేశాను. రెండో డబ్బాలో నలభై మొక్కలు ఉంచాను. డబ్బా మూతి అడ్డంగా 30 సెంటీమీటర్లు. ఉత్తరాదిన నీటి వసతి కింద అదనులో విత్తే గోధుమకు హెక్టారుకు 100 కిలోల విత్తనం వాడతారు. వెయ్యి గింజలు 40 గ్రాములు తూగుతాయనుకుంటే అది చదరపు మీటరుకు 250 గింజలు. ఆ లెక్కన నా డబ్బాకు పదిహేడో పద్దెనిమిదో చాలు. అంటే ఒక డబ్బా నిర్మానుష్యం, రెండోది శివరాత్రి నాటి శ్రీశైలం.

డిసెంబరు ఆఖరుకు రెండు డబ్బాల్లోనూ ఉన్నది ఒకే పైరంటే ఎవరూ నమ్మేట్టు లేదు. ఒంటరి మొక్క గరికలా నేలకు పరుచుకుని, చుట్టూ పిలకలు పెట్టింది. లెక్కపెడితే పద్నాలుగు. నలభై మొక్కల డబ్బాలో ఆకులు సన్నగా, లేతపచ్చగా, నిలువునా లేచాయి. ఎక్కువ వాటికి ఒక్క పిలకైనా లేదు. ఒక మొక్కను పీకి, మొదట్లో కాండాన్ని చుట్టుకున్న ఆకు తొడుగును గోటితో చీల్చి చూశాను. లోపల, ఆకు మొదలు కాండాన్ని అంటుకున్న మూలలో, నువ్వుగింజలో సగం కూడా లేని తెల్లటి మొగ్గ. పిలక కావలసిన మొగ్గ అది. చావలేదు, కుళ్లలేదు, తాజాగానే ఉంది. కదలకుండా కూర్చుంది, అంతే.

దాన్ని కదలొద్దని చెప్పిందెవరు?

ఆకలి కంటే ముందు వచ్చే కబురు

తిండి చాలకేమో అనుకుంటాం. కొంత నిజమే. కానీ మొక్క అంతదాకా ఆగదు. నీడ తన మీద పడకముందే, పక్కన ఇంకోటి ఉందని దానికి తెలిసిపోతుంది. ఎండలో ఎరుపు కాంతిని పచ్చటి ఆకు తినేస్తుంది. ఎరుపుకు అవతలి అంచున మన కంటికి ఆనీ ఆనని కాంతి ఒకటుంది, ఫార్ రెడ్ అంటారు. దాన్ని ఆకు తినదు. వెనక్కి కొడుతుంది, లేదా కిందికి వదిలేస్తుంది. ఆరుబయట ఎండలో ఈ రెండూ ఇంచుమించు సమానం, ఎరుపే ఒక పిసరు ఎక్కువ. పక్కన పచ్చని ఆకు ఉంటే దాని మీంచి తిరిగొచ్చే వెలుగులో ఎరుపు తగ్గి ఫార్ రెడ్ పెరుగుతుంది. దట్టమైన చేను అడుగున ఎరుపు, ఫార్ రెడ్‌లో పదో వంతుకో ఐదో వంతుకో పడిపోతుంది.

ఈ తేడాను పసిగట్టేది ఫైటోక్రోమ్ అనే ప్రోటీన్. దానికి రెండు రూపాలు. 660 నానోమీటర్ల దగ్గరి ఎరుపు తగిలితే ఒక రూపంలోకి, 730 దగ్గరి ఫార్ రెడ్ తగిలితే మరో రూపంలోకి మారుతుంది. మొక్కలో ఏ రూపం ఎంత ఉందన్నదే కబురు. ఫార్ రెడ్ ఎక్కువైందంటే అర్థం ఒకటే: చుట్టుపక్కల జనం పెరుగుతున్నారు. పైకి లే, పక్కలకు పరుచుకోకు.

ఆ కబురు మొగ్గ దాకా ఎలా చేరుతుందో ముందుగా తేటపడిన పంటల్లో మన జొన్న ఒకటి. టీబీ1 అనే జన్యువు ఉంది. దాని పని మొగ్గను నిద్రపుచ్చడం. పొదలా గుబురుగా పెరిగే టియోసింటె అనే అడవి గడ్డి ఒంటి కర్రతో నిలబడే మొక్కజొన్నగా మారడంలో పెద్ద పాత్ర దీనిదేనని 1997లో తేలింది. జొన్నలో ఫైటోక్రోమ్ పనిచేయకుండా పోయిన మొక్కల్లోనూ, ఫార్ రెడ్ వెలుగులో ఉంచిన మొక్కల్లోనూ ఈ జన్యువు ఎక్కువగా పలుకుతుందని 2006లో చూశారు. గోధుమలోనూ ఇదే జన్యువు ఉంది, అదీ మూడు ప్రతుల్లో.

మూడు ఎందుకంటే, రొట్టె గోధుమ మూడు గడ్డిజాతుల కలయిక. ఒక్కోదాని నుంచి ఏడు జతల చొప్పున 21 జతల క్రోమోజోములు. జన్యు అక్షరాలు సుమారు 1,600 కోట్లు, మనిషికున్నవాటికి అయిదు రెట్లు. దీని పూర్తి పటం 2018లో గానీ రాలేదు. ఒక ప్రతి చెడితే మిగతా రెండూ సర్దుకుంటాయి కాబట్టి, వరిలోనో జొన్నలోనో కొట్టొచ్చినట్టు కనిపించే జన్యువు గోధుమలో కనపడకుండా దాక్కుంటుంది. గోధుమ శాస్త్రవేత్తల మీద నాకు జాలి పుట్టేది ఇక్కడే.

ఏ లెక్క ఎప్పుడు తేలుతుంది

ఫిబ్రవరి నెలాఖరులో కోశాను. ఒంటరి మొక్కకు పదకొండు కంకులు, మిగిలిన మూడు పిలకలు ఉత్తవి. గుంపు డబ్బాలో నలభై మొక్కలకు నలభై పైచిలుకు కంకులు, ఒక్కో కంకికి పది, పన్నెండు గింజలు. వంటింటి త్రాసు మీద ఒంటరి మొక్క గింజలు 15 గ్రాములు, గుంపువి 17. విత్తనం నలభై రెట్లు, గింజల్లో తేడా రెండు గ్రాములు. రెండు డబ్బాలను ప్రయోగం అనలేం. పైగా మిద్దె మీద డబ్బాకు నాలుగు పక్కలా వెలుగు తగులుతుంది, పొలంలో తగలదు. అయినా ఆ త్రాసు చూపింది కొత్త సంగతి కాదు. విత్తనం పెంచుకుంటూ పోతే ఒక హద్దు దాటాక మొత్తం పెరుగుదల మారకుండా నిలబడిపోతుందని జపాన్ శాస్త్రవేత్తలు 1950లలోనే సూత్రం రాసి పెట్టారు.

దిగుబడి అంటే మూడు అంకెల గుణకారం: చదరపు మీటరుకు ఎన్ని కంకులు, కంకికి ఎన్ని గింజలు, గింజ ఎంత బరువు. ఈ మూడూ ఒకేసారి తేలవు. ముందు పిలకల లెక్క తేలుతుంది. తర్వాత కంకిలో ఎన్ని పూలు, వాటిలో ఎన్ని నిలుస్తాయన్నది. గింజ బరువు చిట్టచివర. అందుకే ఒత్తు దెబ్బంతా ముందున్న పిలకల మీద పడుతుంది, మిగిలినది కంకి మీద, గింజ దాకా చేరేసరికి దెబ్బ మెత్తబడుతుంది. మొక్క అప్పటికే తన కుటుంబాన్ని కుదించుకుంది కదా. ఇదే కారణంగా గింజ బరువును శాసించే జన్యువులు పలచగా వేసినా ఒత్తుగా వేసినా దాదాపు ఒకే మాట చెబుతాయి. పిలకల జన్యువుల మాట మాత్రం చేను చేనుకూ మారుతుంది. పరిశోధకుల భాషలో మొదటిదానికి వంశపారంపర్యత ఎక్కువ, రెండోదానికి తక్కువ. ఈ తక్కువ అన్న మాటే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. పిలకలకు జన్యువులతో పని తక్కువ అని దాని అర్థం కాదు. పరిసరం పెట్టే గోలలో జన్యువు గొంతు వినపడటం లేదని మాత్రమే.

మోచేతులు

కర్నూలు నుంచి ఆదోనికి బస్సులో వెళ్లేటప్పుడు ముగ్గురు కూర్చునే సీటు చూడండి. బస్సు ఖాళీగా ఉన్నప్పుడు అందరూ కాళ్లు చాపుకునే కూర్చుంటారు. కోడుమూరులో జనం ఎక్కాక కొందరు ఇమిడి కూర్చుంటారు, కొందరు మోచేతులు దించరు. ఖాళీ బస్సులో ఎవరెంత చోటు ఆక్రమిస్తారన్నది ఒక గుణం. జనం పెరిగేకొద్దీ ఎంత తగ్గుతారన్నది ఇంకో గుణం. మొదటిదాన్ని చూసి రెండోదాన్ని చెప్పలేం.

గోధుమ రకాలదీ అంతే. లెక్క కోసం రెండు రకాలు అనుకుందాం. చదరపు మీటరుకు వంద మొక్కలుంటే మొదటి రకం ఆరు కంకులు వేస్తుంది, రెండోది మూడు. 300 మొక్కలకు పెంచితే మొదటిది రెండుకు దిగుతుంది, రెండోది కూడా రెండు దగ్గరే ఆగుతుంది. కాగితం మీద గీస్తే మొదటి రకం గీత నిటారుగా కిందికి దిగుతుంది, రెండోది దాదాపు అడ్డంగా పోతుంది. ఆ వాలునే ఒక లక్షణంగా తీసుకోవచ్చు. ఎత్తును కొలిచినట్టు, గింజ బరువు తూచినట్టు, వాలునూ కొలవొచ్చు. తల్లిదండ్రుల నుంచి పిల్లలకు అది వస్తుందా అని అడగొచ్చు.

ఈ ఆలోచనకు మూలం 1963లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఉంది. అడిలైడ్ దగ్గర వెయిట్ పరిశోధన సంస్థలో ఫిన్లే, విల్కిన్సన్ అనే ఇద్దరు 277 బార్లీ రకాలను వేర్వేరు చోట్ల, వేర్వేరు ఏళ్లలో పండించారు. ఏ రకం మంచిదని అడగడం మానేసి, చోటు బాగుపడేకొద్దీ ఏ రకం ఎంత వేగంగా పుంజుకుంటుందని అడిగారు. వాళ్లు చూసింది ఒత్తును కాదు, నేలనూ కాలాన్నీ. కానీ పద్ధతి అదే. చోటుకు బదులు ఒత్తును పెడితే సరిపోతుంది.

వాలు వెనకున్న జన్యువులను వెతకడం ఓపిక పరీక్ష. ఒత్తుకు వేర్వేరుగా స్పందించే రెండు రకాలను సంకరం చేస్తారు. వచ్చిన సంతతిని ఆరేడు తరాలు సొంత పుప్పొడితోనే పండించి స్థిరపరుస్తారు. అలా స్థిరపడిన వంశాలను లైన్లు అంటారు. ఓ 200 లైన్లు తయారయ్యాయనుకోండి. ఒక్కోదాన్ని పలచగా, మామూలుగా, ఒత్తుగా మూడు తీర్ల విత్తాలి. ప్రతిదీ మూడుసార్లు. అప్పటికే 1,800 మడులు. ఒక్క చోట, ఒక్క ఏడాదికి. ఆ తర్వాత క్రోమోజోముల పొడవునా గుర్తులు పెట్టుకుని, ఏ ముక్క తల్లి నుంచి వచ్చింది, ఏది తండ్రి నుంచి వచ్చింది అని చూసి, ఆ ముక్కలకూ కొలతలకూ పొంతన వెతుకుతారు. పొంతన కుదిరిన ముక్కను క్యూటీఎల్ అంటారు. జన్యువు దొరికినట్టు కాదు, జన్యువున్న వీధి దొరికినట్టు.

ఇక్కడే ఒక వింత ఎదురవుతుంది. పలచటి మడుల్లో గట్టిగా కనిపించిన వీధి ఒత్తు మడుల్లో మాయమవుతుంది. ఒత్తులో కొత్తది ఇంకెక్కడో తేలుతుంది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇది లెక్కల్లో తప్పేమో అనిపించింది. కాదు. టిన్ అనే జన్యువును తీసుకుంటే సంగతి విడిపోతుంది.

ఇజ్రాయెల్లో దొరికిన, పిలకలు చాలా తక్కువ పెట్టే ఒక గోధుమ నుంచి వచ్చింది టిన్. ఉండేది 1ఏ క్రోమోజోము పొట్టి కొమ్మ మీద. ఇది ఉన్న మొక్కలో కాండం తొందరపడి సాగుతుంది. చక్కెర అటు పోతుంది, పిలక మొగ్గలకు అందదు. నా డబ్బాలో ఒత్తు చేసిన పనిని ఇది పుట్టుకతోనే చేస్తుందన్నమాట. ఇప్పుడు టిన్ ఉన్న రకాన్నీ లేని రకాన్నీ పక్కపక్కన పలచగా వేస్తే తేడా పట్టపగలులా కనిపిస్తుంది: ఒకదానికి రెండు పిలకలు, ఇంకోదానికి పది. అదే బాగా ఒత్తుగా వేస్తే లేనిది కూడా రెండుకు దిగిపోతుంది. ఇద్దరూ ఒకటే. జన్యువు ఎక్కడికీ పోలేదు, తేడా చూపించే సందు పోయింది.

మొక్కను పొట్టి చేసే జన్యువులది దీనికి తిరగేసిన కథ. పలచటి చేనులో పొడుగు మొక్క మొదలు లావుగా ఉంటుంది, నిలబడుతుంది. ఒత్తులో ఫార్ రెడ్ కబురు అందుకుని ఇంకా సాగుతుంది, కాడ సన్నబడుతుంది, ఒక గాలివానకు చేనంతా పడిపోతుంది. పొడుగు వల్ల వచ్చే నష్టం ఒత్తులోనే బయటపడుతుంది. పూతకాలాన్ని శాసించే పీపీడీ జన్యువులు మరో దారిలో వస్తాయి. తొందరగా పూతకొచ్చే రకానికి పిలకలు పెట్టే రోజులే తక్కువ, కాబట్టి దానికి మొదటి నుంచే ఎక్కువ మొక్కలు కావాలి. ఉత్తరాది రైతు ఈ సంగతిని జన్యువుల పేర్లు తెలియకుండానే ఆచరిస్తాడు. ఆలస్యంగా విత్తాల్సి వస్తే విత్తనం 125 కిలోలకు పెంచి, సాళ్ల ఎడం తగ్గిస్తాడు.

పోట్లాడని మొక్క

ఇప్పటిదాకా చెప్పింది మొక్క లోపలి యంత్రాంగం. నన్ను నిజంగా పట్టుకున్నది దీని తర్వాతి మాట.

మేలైన రకం తయారు చేసేవాళ్లు మొదటి తరాల్లో ఏం చేస్తారు? మొక్కలను ఎడంగా నాటి, ఒక్కోదాన్ని విడిగా చూసి, బాగున్నదాన్ని ఎంచుకుంటారు. బాగున్నది అంటే పిలకలు ఎక్కువున్నది, ఆకు వెడల్పున్నది, పక్కదాన్ని మించి ఎదిగినది. అంటే మోచేతులు దించనిది. దాని గింజలనే ఎకరం నిండా విత్తితే ఏమవుతుంది? చేను నిండా మోచేతులే. ఒకదానికొకటి అడ్డుపడటానికే బలమంతా పోతుంది.

ఈ మాటను సూటిగా అన్నవాడు కోలిన్ డొనాల్డ్, 1968లో, అదే వెయిట్ సంస్థ నుంచి. మంచి గోధుమ మొక్క బలహీనమైన పోటీదారు కావాలన్నాడు. పొట్టిగా, గట్టి కాడతో, ఒకే కాండంతో, కొద్దిపాటి నిటారు ఆకులతో, పెద్ద కంకితో ఉండాలని బొమ్మ గీసి చూపించాడు. తన వాటా వెలుగు తాను తీసుకుని, పక్కదాని జోలికి పోని మొక్క. ఒంటరిగా చూస్తే ఎవరూ ఎంచుకోని మొక్క.

అదే ఏడాది ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి ఒక ఫలితం వచ్చింది. వరి రకాలను కలిపి విత్తి, కలిపే కోసి, ఆ గింజలనే మళ్లీ విత్తారు. కొన్ని తరాలకు పొడుగ్గా, గుబురుగా పెరిగేవి మిగిలాయి, పొట్టి రకాలు అణగిపోయాయి. విడివిడిగా వేసినప్పుడు ఎక్కువ గింజనిచ్చింది ఆ ఓడిపోయినవే.

ఇప్పుడు నోరిన్ 10 కథ మళ్లీ చూస్తే వేరేలా కనిపిస్తుంది. 1935లో జపాన్లో విడుదలైన పొట్టి గోధుమ అది. 1946లో ఒక అమెరికన్ వ్యవసాయ శాస్త్రవేత్త చేతిలో అమెరికా చేరింది. అక్కడి గోధుమ శాస్త్రవేత్త ఆర్విల్ వోగెల్ దాన్ని సంకరం చేశాడు, ఆ గింజలు మెక్సికోలో నార్మన్ బోర్లాగ్‌కు అందాయి, ఆ సంతతి 1966లో 18,000 టన్నుల విత్తనంగా ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. పొట్టి చేసిన రెండు జన్యువులు 4బీ, 4డీ క్రోమోజోముల మీద ఉన్నాయి. జిబ్బరెల్లిన్ అనే ఎదుగుదల హార్మోను చెప్పే మాటను అవి చెవిన వేసుకోవు. అడవిలో ఇలాంటి మొక్క బతకదు, పొడుగువాటి నీడలో కలిసిపోతుంది. మనిషి దానికి పొడుగు పొరుగు లేని చేనును ఇచ్చాడు. హరిత విప్లవం గురించి ఎరువులు, నీళ్లు, గిట్టుబాటు ధరలు అంటూ చాలా రాశారు. అవన్నీ నిజమే. పోట్లాటలో ఓడిపోయే జన్యువును గెలిపించిన సంగతి మాత్రం తక్కువ వినపడుతుంది.

మొక్కజొన్నలో రుజువు ఇంకా స్పష్టం. అమెరికాలో 1930లలో హెక్టారుకు సుమారు 30,000 మొక్కలు వేసేవాళ్లు, ఇప్పుడు 80,000 దాకా వేస్తున్నారు. పాత, కొత్త హైబ్రిడ్లను ఎడంగా నాటి చూస్తే ఒక్కో మొక్క ఇచ్చేది పెద్దగా మారలేదు. మారింది ఇరుకులో కూడా కండె వేయగలిగే గుణం. కోళ్లలో సైతం ఇదే. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో విలియం మ్యూర్ ఎక్కువ గుడ్లు పెట్టే ఒక్కో కోడిని కాకుండా, మొత్తం మీద బాగా పెట్టే బోనును ఎంచుకుంటూ పోయాడు. బోనుల్లో చావులు రెండు తరాల తేడాలో 68 శాతం నుంచి 8.8 శాతానికి పడ్డాయి. ఒకదాన్నొకటి పొడుచుకునే కోళ్లు తగ్గాయి మరి.

అందుకే "దిగుబడి పెంచే జన్యువు దొరికింది" అనే వార్త చూస్తే నేను ముందు వెతికేది ఒక్కటే: కుండీలో కొలిచారా, చేనులో కొలిచారా? కుండీలో ఒంటరి మొక్కకు కంకులు రెట్టింపయ్యాయంటే, నా పెయింటు డబ్బాలోనూ పదకొండు వచ్చాయి.

మన చేనుకు వస్తే

ఉత్తరాది గోధుమకు నీళ్లు కడతారు, అక్కడ ఇరుకంటే వెలుగు కోసం పోటీ. అనంతపురంలో ఏడాదికి పడేది 550 మిల్లీమీటర్ల దరిదాపు. ఇక్కడ పోటీ కింద, వేళ్ల దగ్గర. కర్నూలు, కడప నల్లరేగళ్లలో పప్పుశనగను అక్టోబరు, నవంబరులో నేలలో మిగిలిన తేమ మీదే విత్తుతాం. కుండలో నీళ్లు అవే, తర్వాత ఎవరూ పోయరు. మొదట్లో గుబురుగా పెరిగిన చేను ఆ నీళ్లను ముందే తాగేస్తే కాయ నిండే రోజుకు కుండ అడుగంటుతుంది.

టిన్ జన్యువు మీద ఆస్ట్రేలియాలో అంత ఆసక్తి పుట్టింది ఈ కారణంగానే. వట్టిపోయే పిలకల మీద నీళ్లు వృథా చేయని గోధుమ కావాలని. బెట్ట ఏడాది గింజ బరువుగా నిలిచింది. వాన బాగా పడిన చోట కంకులు చాలక వెనకబడింది. అంటే వాలు కూడా స్థిరం కాదు, నీళ్లను బట్టి మళ్లీ మారుతుంది. ఒత్తు, నీళ్లు, జన్యువు మూడూ ముడిపడ్డాక ఈ రకానికి ఇంత విత్తనం అని ఒకే అంకె చెప్పడం నా దృష్టిలో మోసం కాదుగానీ, సగం నిజం. లూధియానా మడుల్లో తేలిన వాలును పత్తికొండ మెట్టకు మోసుకురాలేం.

మన దగ్గర ఒత్తు గురించిన ఆలోచన మొక్క ఆకారం రూపంలో వచ్చింది. నంద్యాల పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎన్‌బీఈజీ 47 పప్పుశనగను చూడండి. ధీర అని పేరు. జేజీ 11 అనే ఇంకో పప్పుశనగ రకం పక్కలకు గుబురుగా, కాయ కిందికి ఉంటుంది. ధీర నిటారుగా, ఎత్తుగా పెరుగుతుంది, కాయ పైకి వస్తుంది. యంత్రంతో కోయడానికే దాన్ని తెచ్చారు, పోటీ తగ్గించడానికి కాదు. కానీ నిటారు మొక్క పక్కదాని మీదికి వాలదు కదా. రెండింటికీ ఒకే ఎడం, ఒకే విత్తన మోతాదు సరిపోతుందా అన్న ప్రశ్న అక్కడే పుడుతుంది.

మా నాన్న కొర్ర విత్తనం కొనడు, కట్టుకుంటాడు. కోతకు ముందు చేనులో తిరిగి మంచి కంకులు కోసి, మూట కట్టి దూలానికి వేలాడదీస్తాడు. ఈసారి వెంట నేనూ వెళ్లాను. ఆయన కోసినవన్నీ గట్టు వార సాలులోవి, లేదా గొర్రు తప్పి ఎడం పడిన చోట్లవి. సహజమే, పెద్ద కంకులు అక్కడే ఉంటాయి. ఒక పక్క పొరుగు లేదు, వెలుగూ నీళ్లూ ఆ మొక్కకే.

చేనంతా ఒకే శుద్ధమైన రకమైతే దీనివల్ల పోయేదేమీ లేదు. కొర్ర ఎక్కువగా సొంత పుప్పొడితోనే గింజ కడుతుంది, గట్టు మొక్కకూ నడిమి మొక్కకూ జన్యువులు ఒకటే, పెద్ద కంకి అన్నది చోటు చలవ. గింజ కాస్త లావుగా ఉండి మొలక బలంగా రావచ్చు. కానీ మా చేనులోది ఇరవై ఏళ్లుగా కలగాపులగంగా వస్తున్న విత్తనం. అందులో రకరకాలున్నాయి. గట్టు మీద ఎంచితే చోటు దొరికిన మొక్కను ఎంచుతున్నామా, గుణమున్న మొక్కనా అన్నది తెలియదు. నడిమి సాళ్లలో, నాలుగు పక్కలా మొక్కలున్నా కంకి బాగా వేసినదాన్ని ఎంచితే కనీసం చోటు అందరికీ ఒకటే.

నాన్నకు ఇదంతా చెబితే విన్నాడు. గట్టు నుంచి పది సాళ్లు లోపలికి నడిచి, వంగి, ఒక కంకి కోసి అరచేతిలో పెట్టుకున్నాడు. గట్టుది జానెడు. ఇది బెత్తెడు కంటే కాస్త ఎక్కువ.

"దీన్ని ఇత్తనానికి కట్టమంటావా నాయనా?" అన్నాడు.

సగం సాలు దీంతో, సగం దాంతో విత్తి చూద్దామన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలి సాళ్లలో ఇంకో ముప్పై కంకులు ఏరి, ఇంటికొచ్చి రెండు మూటలు కట్టాడు. ఏది ఏదో మరిచిపోకుండా గట్టు మూటకు ఎర్ర దారం చుట్టాడు.